ఐవీఎఫ్ ఫలించనప్పుడు: ముందు దుఃఖం, తర్వాత నిర్ణయం

సంతానం కోసం ఐవీఎఫ్, అంటే ల్యాబులో పిండాన్ని తయారుచేసి గర్భాశయంలోకి పంపే (ట్రాన్స్‌ఫర్ చేసే) వైద్యం, చేయించుకుని నిరాశపడిన వారి నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఈసారి ఒకే చోట తీసుకున్నాను. మొదటిది పెద్ద ఉత్తరం, దానికి జవాబూ పెద్దదే. రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: నాకు 37 ఏళ్లు, మావారికి 41. పెళ్లయి తొమ్మిదేళ్లు. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, ఆయన ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తారు. విజయవాడలోని ఒక ఆసుపత్రిలో రెండేళ్లలో రెండుసార్లు అండాలు తీశారు, మూడు విడతల్లో మొత్తం ఐదు పిండాలను ట్రాన్స్‌ఫర్ చేశారు. మొదటిసారి నిలవలేదు. రెండోసారి, ఫ్రీజ్ చేసిన పిండాలతో చేసినప్పుడు, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్షలో 86 వచ్చింది. ఇంట్లో అందరం సంబరపడుతుండగానే రెండు రోజుల తర్వాత అది 31కి పడిపోయింది. మూడోసారి గత నెలలో చేశారు, అదీ నిలవలేదు. నా ఏఎంహెచ్ 0.9 మాత్రమే ఉందని, ఇక దాత అండాలతో ప్రయత్నించడం మంచిదని డాక్టరు గారు చెప్పారు. లేదంటే సొంత అండాలతోనే మరొకసారి, ఇమ్యూనిటీకి సంబంధించిన ఇంజెక్షన్లు కలిపి చేద్దామన్నారు. ఇప్పటికి ఏడున్నర లక్షలు ఖర్చయింది, నా బంగారం తాకట్టులో ఉంది. మావారు ‘ఇక చాలు’ అంటున్నారు. అత్తగారు మా మరిది రెండో కొడుకును దత్తత తీసుకోమంటున్నారు. వచ్చే నెలలో ఆడపడుచు సీమంతం. చివరిసారి ట్రాన్స్‌ఫర్ అయిన నాలుగో రోజున, సెలవు దొరక్క, బస్సులో స్కూలుకు వెళ్లాను. అందువల్లే పోయిందేమోనన్న ఆలోచన రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు. ఇప్పుడు మేం ఏం చేయాలి?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: ఉత్తరం చివర్లో, దాదాపు దాచుకున్నట్టుగా రాసిన బస్సు ప్రయాణం సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ముల్లు తీయకుండా మిగతా విషయాలు ఎన్ని మాట్లాడుకున్నా అవి మీ మనసుకు ఎక్కవు. బస్సు కుదుపులకు పిండం జారిపోదు. గర్భాశయం లోపల మనం ఊహించుకునే ఖాళీ గది ఏదీ లేదు; ముందు గోడ, వెనుక గోడ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఆ రెంటి మధ్య మెత్తటి పొరలో సన్నటి ఇసుక రేణువంత పిండం ఒదిగి ఉంటుంది. ల్యాబులో ఐదు రోజులు పెరిగిన పిండాన్ని పంపినట్లయితే నాలుగు రోజులు గడిచేసరికి అది అంటుకోవడమో, అంటుకోకపోవడమో చాలావరకు తేలిపోయి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం పట్టి పడుకున్న వారిని, మామూలుగా తిరిగిన వారిని పోల్చి చూసిన అధ్యయనాల్లో పడుకున్నందువల్ల మేలు జరిగినట్టు కనిపించలేదు. అయినా మన ఇళ్లలో పదిహేను రోజులు కాలు కింద పెట్టనివ్వరు, ఆ తర్వాత ఫలితం రాకపోతే ఆ పదిహేను రోజుల్లో ఎప్పుడు కాలు కింద పెట్టావని లెక్క అడుగుతారు. మీరు పని చేసుకోవడానికి వెళ్లారు, అంతే.

బస్సును వదిలేశాక మీ మనసు తర్వాత పట్టుకోబోయేది ‘నేను టెన్షన్ పడ్డాను కదా’ అన్న మాటను. అది కూడా ముందే చెప్పేస్తాను. వైద్యానికి ముందు ఆందోళన, దిగులు ఎక్కువగా ఉన్న స్త్రీలకు ఐవీఎఫ్ ఫలించే అవకాశం తగ్గుతుందా అన్న ప్రశ్నపై 14 అధ్యయనాలను, వాటిలోని 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి పరిశీలించిన ఒక విశ్లేషణ 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆందోళనకు, ఫలితానికి సంబంధం ఉన్నట్టు అందులో తేలలేదు. ప్రశాంతంగా ఉంటే తప్పకుండా నిలుస్తుందని చెప్పేవారు మంచి మనసుతోనే చెబుతారు గానీ, ఆ మాట వెనుక నిలవకపోతే నీదే లోపం అన్న తీర్పు కూడా దాగి ఉంటుంది.

మరి ఎందుకు నిలవలేదు? చాలాసార్లు కారణం పిండంలోనే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అండాల్లో క్రోమోజోములు సరిగా విడిపోకపోవడం ఎక్కువవుతుంది. 37, 38 ఏళ్ల వయసులో ఐదో రోజు దాకా చక్కగా ఎదిగిన పిండాల్లో కూడా సగానికి దగ్గరగా క్రోమోజోముల లెక్క తప్పి ఉంటాయి. మైక్రోస్కోపు కింద గ్రేడు ఎంత బాగున్నా ఆ లోపం పైకి కనపడదు. మీకు పంపిన ఐదింటిలో రెండో మూడో అలాంటివై ఉండి, మిగిలినవి లోపం లేకున్నా అంటుకోకపోయి ఉండవచ్చు, ఎందుకంటే లోపం లేని పిండాలు కూడా అన్నీ నిలవవు. ఈ లెక్క మీ దుఃఖాన్ని తగ్గించదు, కానీ మీ శరీరం పిండాలను తిప్పికొడుతోందన్న భయానికి ఆధారం లేదని చెబుతుంది. ఏఎంహెచ్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి: అది అండాల నిల్వ ఎంత మిగిలిందో చెప్పే పరీక్షే తప్ప వాటి నాణ్యతను చెప్పేది కాదు. 0.9 అంటే ఇంజెక్షన్లకు తక్కువ అండాలు వస్తాయని అర్థం. నాణ్యతను నిర్ణయించేది ప్రధానంగా మీ వయసు.

రెండోసారి వచ్చి పోయిన 86ను మీరు ఒక అంకెలా రాసి ముందుకు వెళ్లిపోయారు. అది గర్భమే. రెండు రోజులే తెలిసినా, ఆ రెండు రోజులూ మీరు తల్లిగా ఆలోచించారు. మనకు ఇంట్లో మనిషి పోతే పదకొండో రోజు, పెద్దకర్మ, పరామర్శకు వచ్చే బంధువులు, పొయ్యి వెలిగించవద్దని అన్నం తెచ్చిపెట్టే పక్కింటివారు, ఇలా దుఃఖానికి ఒక దారి ఉంది. దీనికి అలాంటిదేమీ లేదు. ఎవరూ పలకరించడానికి రారు, ఎందుకంటే ఎవరికీ చెప్పి ఉండరు. చెప్పినా, పుట్టనిదానికి ఏడుపేమిటంటారు. అందుకే ఈ దుఃఖం బయటికి రాలేక బస్సు మీదా, బకెట్ల మీదా, తిన్న బొప్పాయి ముక్క మీదా పడుతుంది. మీ ఇద్దరి కోసం మీరే ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి: ఒక మొక్క నాటడమో, ఒక రోజు ఇద్దరూ సెలవు పెట్టి ఎక్కడికైనా వెళ్లి ఏడ్చి రావడమో, ఏదైనా సరే. దీనితో పాటు ఒంట్లో జరిగేదాన్ని కూడా గుర్తుంచుకోవాలి. గర్భం నిలవడానికి వారాల తరబడి వేసిన ప్రొజెస్టెరాన్ హార్మోను ఒక్కసారిగా ఆపేయడం, ఆ తర్వాత వచ్చే బహిష్టు, ఇవి కొన్ని రోజుల పాటు మనసును ఇంకా కిందికి లాగుతాయి. అయితే రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే, బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మానసిక వైద్యులను కలవడానికి వెనుకాడవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ కొద్ది వారాల్లో ఏ నిర్ణయమూ తీసుకోకండి. మీ వయసులో ఆలస్యం మంచిది కాదన్నది నిజమే, కానీ ఆరు వారాలు, రెండు నెలలు ఆగినందువల్ల అండాల నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఫలితం తెలిసిన వారంలోనే కొత్త ప్యాకేజీకి అడ్వాన్సు కట్టడం వల్ల మాత్రం చాలామంది తర్వాత బాధపడటం నేను చూశాను. ఈ లోగా చేయవలసిన పని ఒకటుంది. మీ ఫైలు మొత్తం, అంటే వాడిన మందులు, మోతాదులు, తీసిన అండాల్లో పరిపక్వమైనవి ఎన్ని, ఫలదీకరణ చెందినవి ఎన్ని, ఐదో రోజుకు చేరినవి ఎన్ని, గర్భాశయ పొర మందం ఎంత అన్నవన్నీ ఉన్న ల్యాబు వివరాలతో సహా, కాపీ తీసుకోండి. అడగడానికి మొహమాటపడవద్దు, అవి మీ శరీరపు లెక్కలు. ఆ ఫైలుతో ముందు మీ డాక్టరు గారి దగ్గర, కొత్త సైకిల్ (మరో విడత వైద్యం) ప్రస్తావన లేకుండా, జరిగినదాన్ని సమీక్షించడానికే ఒక అపాయింట్‌మెంట్ తీసుకుని ఇద్దరూ వెళ్లండి. ఆ తర్వాత వేరే ఊళ్లో, వేరే సంస్థలో రెండో అభిప్రాయం తీసుకోండి.

అక్కడ అడగవలసినవి కొన్ని చెబుతాను. హిస్టరోస్కోపీ చేసి, అంటే సన్నటి కెమెరా గొట్టంతో చూసి, గర్భాశయం లోపల పాలిప్ (చిన్న కండ పెరుగుదల), లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ (గడ్డ), అతుకులు లాంటివి లేవని చూశారా? ఫాలోపియన్ నాళాల్లో నీరు చేరి ఉందా? ఉంటే ఆ నీరు గర్భాశయంలోకి కారి పిండాన్ని నిలవనివ్వదు కనుక ముందుగా ఆ నాళాన్ని తీసేయడమో మూసేయడమో చేస్తే అవకాశం మెరుగుపడుతుందని స్పష్టంగా తెలిసిన విషయం. మన దేశంలో గర్భాశయానికి సోకే క్షయ ఎలాంటి లక్షణాలూ లేకుండా సంతానలేమికి కారణమవుతుంటుంది, దాన్ని పరిశీలించారా? అయితే ఒక్క పీసీఆర్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని నెలల తరబడి టీబీ మందులు మొదలుపెట్టే ముందు కూడా రెండోసారి ఆలోచించాలి. థైరాయిడ్, షుగరు, మీ ఇద్దరి క్రోమోజోముల పరీక్ష, గర్భం వచ్చి పోయింది కనుక రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచి గర్భం పోయేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష అవసరమా అన్నదీ అడగండి. ఇంతకీ మీ ఉత్తరం మొత్తంలో మావారి పరీక్ష రిపోర్టు ఇలా ఉందన్న మాట ఒక్కచోట కూడా లేదు. సంతానలేమిలో దాదాపు సగం జంటల్లో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది, ఆయన రిపోర్టులు కూడా బల్ల మీద ఉండాలి.

ఇమ్యూనిటీ ఇంజెక్షన్ల గురించి నా అభిప్రాయం నేరుగా చెబుతాను: వాటికి డబ్బు పెట్టకండి, దానికంటే తాకట్టులోని బంగారం విడిపించుకోవడం మేలు. ఇంట్రాలిపిడ్ సెలైన్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ లాంటివి పదేపదే విఫలమైన జంటలకు మామూలుగా వాడటానికి తగిన ఆధారాలు లేవని ఐరోపా సంతాన వైద్యుల సంఘం ఈష్రే 2023లో ఇచ్చిన సిఫారసుల్లో చెప్పింది. గర్భాశయ పొరను గీరి పిండం అంటుకునేలా చేస్తామన్న ‘స్క్రాచింగ్’ కూడా ఒకప్పుడు ఇలాగే ప్రచారంలోకి వచ్చింది. 1,364 మంది స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి, గీరిన వారిలోనూ గీరనివారిలోనూ బిడ్డ పుట్టిన శాతం ఒక్కటే, 26.1. పిండాలకు జన్యు పరీక్ష చేయిద్దామని అనవచ్చు. ఆ పరీక్ష ఉన్నవాటిలో మంచిదాన్ని ఎంచుతుందే గానీ పిండాన్ని మంచిదిగా మార్చదు, రెండే పిండాలు వచ్చే చోట దాని ఉపయోగం కొంచెమే. ఈ అదనపు హంగులు దేనికైనా సరే, ‘దీనివల్ల నా వయసు వారిలో బిడ్డ పుట్టే అవకాశం ఎంత నుంచి ఎంతకు పెరుగుతుంది?’ అని అడిగి జవాబు కోసం మౌనంగా వేచి ఉండండి. రోడ్ల పక్క హోర్డింగుల మీది సక్సెస్ రేటుకూ అదే ప్రశ్న: బీటా పాజిటివ్ అయితే లెక్కా, బిడ్డ ఇంటికి వస్తే లెక్కా? ఏ వయసు వారిలో? సొంత అండాలతోనా, దాత అండాలతోనా?

డబ్బు విషయంలో మీకు ఎదురయ్యేది ‘ఇంకొక్కసారి’ అన్న మాట. ఏడున్నర లక్షలు పెట్టాం, ఇక్కడ ఆపితే అదంతా వృథా అనిపిస్తుంది. పోయినదాన్ని రాబట్టడానికి మళ్లీ పెట్టడం పేకాటలో లెక్క, వైద్యంలో కాదు. తర్వాతి సైకిల్ చేయించుకోవాలా వద్దా అన్నది అక్కడి నుంచి దానికి ఉన్న అవకాశాన్ని బట్టి, అక్కడి నుంచి పెట్టగలిగిన డబ్బును బట్టి తేల్చుకోవలసినదే. మళ్లీ ప్రయత్నించాలని మీరిద్దరూ అనుకుంటే, మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద ఎన్నిసార్లు, ఎంత డబ్బు, ఏ తేదీ వరకు అని రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఇంజెక్షన్ల మధ్యలో, ఆశ ఉవ్వెత్తున ఉన్నప్పుడు గీసే గీత గీత కాదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ‘మాకు బిడ్డ కావాలి’ అన్న ఒక్క మాటలో మూడు కోరికలు ముడిపడి ఉంటాయి, ఆరోగ్యవంతులైన జంటలకు ఆ మూడూ ఒకేసారి తీరిపోతాయి కనుక అవి వేరువేరని ఎవరికీ తెలియదు. తన రక్తం, తన పోలిక ఉన్న బిడ్డ కావాలన్నది ఒకటి; కడుపుతో ఉండి, కని, పాలివ్వాలన్నది రెండోది; ఒక పసివాడిని ఎత్తుకుని పెంచి పెద్ద చేయాలన్నది మూడోది. మీ ఇద్దరూ విడివిడిగా, ఒకరికొకరు చూపించుకోకుండా, ఈ మూడింటిలో మీకు ఏది ఎక్కువో, ఏది లేకపోయినా బతకగలరో రాసుకుని తర్వాత మార్చుకుని చదవండి. తొమ్మిదేళ్ల కాపురంలో ఒకరి గురించి ఒకరికి తెలియనిది ఆ కాగితంలో ఉంటుందని నా అనుభవం చెబుతోంది. మీ వారు ‘ఇక చాలు’ అంటున్నారని రాశారు. ఏది చాలు? బిడ్డ వద్దనుకుంటున్నారా, అప్పు భయపెడుతోందా, మిమ్మల్ని మత్తులో స్ట్రెచర్ మీద మళ్లీ చూడలేననుకుంటున్నారా? ఈ మూడింటికీ జవాబులు వేరు. అడగండి.

రక్తసంబంధమే ముఖ్యమైతే సొంత అండాలతో, మంచి సమీక్ష తర్వాత, గీత గీసుకుని మరొక ప్రయత్నం చేయడం మీ వయసులో అర్థం లేని పనేమీ కాదు. అవకాశం తక్కువని తెలిసి చేయాలి, అంతే. కడుపున మోయాలన్నదే ముఖ్యమైతే దాత అండాలు ఆలోచించదగ్గ దారి, ఎందుకంటే అక్కడ ఫలితం మీ వయసు కంటే దాత వయసు మీద ఎక్కువ ఆధారపడుతుంది. సంతాన వైద్యాన్ని నియంత్రించడానికి 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం దాతకు 23 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండాలి, ఆమె జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి, ఏడుకు మించి తీయకూడదు, నమోదైన బ్యాంకు ద్వారానే అవి రావాలి. పుట్టిన బిడ్డ చట్టరీత్యా పూర్తిగా మీ దంపతుల బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. వైద్యం చేయించుకునే స్త్రీకి 50 ఏళ్ల వరకు అనుమతి ఉంది కాబట్టి ఈ దారి రేపే మూసుకుపోదు. కానీ దీనిలోకి వెళ్లే ముందు మీరిద్దరూ మాట్లాడుకోవలసింది చట్టం గురించి కాదు. బిడ్డకు ఆయన పోలిక వస్తుంది, మీది రాదు. ఆ బిడ్డకు ఈ సంగతి చెబుతారా, చెప్పరా? చెప్పాలన్నదే నా సలహా, చిన్నప్పటి నుంచే, కథలా. ఊరికి చెప్పాలా అంటే, అక్కర్లేదు. బిడ్డకు తెలియకుండా అత్తగారికి తెలిసి ఉండటమే అన్నింటికంటే ప్రమాదం.

సరోగసీ, అంటే మీ బిడ్డను వేరే స్త్రీ కడుపున మోయడం అన్న ప్రస్తావన ఎవరైనా తెస్తే, మీ గర్భాశయంలో లోపం ఉందని ఎవరూ చెప్పలేదన్నది గుర్తుంచుకోండి. వైద్య కారణం ఉన్నవారికే, డబ్బు ఆశించకుండా మోసే స్త్రీ ద్వారానే అది చట్టబద్ధం. ప్యాకేజీ కింద సరోగసీ బిడ్డను చేతిలో పెడతామనే వారిని గుమ్మం దగ్గరే ఆపండి. సికింద్రాబాద్‌లోని ఒక కేంద్రం వేరొకరికి పుట్టిన పసికందును సరోగసీ బిడ్డగా అప్పగించిందన్న కేసు 2025లో డీఎన్ఏ పరీక్షతోనే బయటికి వచ్చింది.

పెంచడమే అసలు కోరిక అయితే దత్తతకు రెండు దారులున్నాయి. ఒకటి కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్‌లో నమోదు కావడం. రెండేళ్ల లోపు బిడ్డ కోసం దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. మీది 78, కానీ ఏటా రెండేసి చేరుతుంది. పసిబిడ్డ కోసం నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటోంది కాబట్టి, వైద్యం సంగతి తేలకముందే నమోదు చేసుకోవడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. పిలుపు వచ్చేనాటికి మీ మనసు సిద్ధంగా ఉందో లేదో అప్పుడు చూసుకోవచ్చు. రెండోది అత్తగారు చెప్పిన దారి. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం పిల్లవాడికి 15 ఏళ్లు నిండి ఉండకూడదు, కన్నవారిద్దరూ మీరిద్దరూ ఒప్పుకోవాలి, ఒకసారి చెల్లిన దత్తతను రద్దు చేసుకోవడం కుదరదు. దత్తహోమం చేయించకపోయినా చట్టం ముందు అది చెల్లుతుంది, రిజిస్టరు దస్తావేజు మాత్రం రాయించుకోవాలి. అయితే చట్టం చూడని సంగతొకటుంది. కన్నతల్లి పక్క వీధిలోనే ఉంటుంది. ఏ పండుగకో ఆమె కొడుకును పాత చనువుతో దగ్గరికి పిలిచినప్పుడు మీకు ఏమనిపిస్తుంది? మీ తోటికోడలు మనస్ఫూర్తిగా ఇస్తున్నారా, పెద్దావిడ మాట కాదనలేకనా? ఆమెను ఒంటరిగా కలిసి అడగకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇక్కడితో ఆపి, ఇద్దరుగానే ఉండాలనుకోవడం కూడా ఒక నిర్ణయం. మన భాషలో దానికి గౌరవమైన పేరు లేదు, తిట్టు మాత్రం ఉంది. అందువల్ల చాలామంది ఆ దారిని కనీసం పేరుపెట్టి మాట్లాడుకోకుండానే అప్పుల్లోకి వెళతారు. మీ కాగితంలో దానికీ ఒక గడి ఉంచండి.

ఆడపడుచు సీమంతానికి వెళ్లడం మీ ఇష్టం. ముందు రోజు వెళ్లి ఆ అమ్మాయికి గాజులు, చీర ఇచ్చి, మరునాడు స్కూలు ఉందని చెప్పి రావచ్చు. వేడుక రోజే వెళితే, ఎవరైనా హారతి పళ్లెం మీ చేతి నుంచి తప్పించే పరిస్థితి వస్తే మీ పక్కన నిలబడాల్సింది మీ వారేనని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మొదటి ఐవీఎఫ్ పోయిన నెలలో విఫలమైంది. ఇంకా మూడు పిండాలు ఫ్రీజ్ చేసి ఉన్నాయి. వెంటనే చేయించుకుందామని నేను, ఆషాఢం వెళ్లాక చూద్దామని అత్తవారు. ఆలస్యమైతే పిండాలు పాడవుతాయా?
— హనుమకొండ నుంచి

జవాబు: పాడవవు. ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, పిండానికి వయసు పెరగదు. మీకు 33 వచ్చినా ఆ పిండాలు మీ 31 ఏళ్ల నాటివే. చట్టం పదేళ్ల వరకు నిల్వ ఉంచడానికి అనుమతిస్తోంది. కనుక ఆషాఢమైనా శ్రావణమైనా వాటికి ఒకటే, ఈ ఒక్క విషయంలో అత్తవారి మాట వినడం వల్ల మీకు వచ్చే నష్టమేమీ లేదు. అండాలు తీసిన తర్వాత ఉబ్బిన అండాశయాలు మామూలు స్థితికి రావడానికి సాధారణంగా ఒకటి రెండు బహిష్టులు సరిపోతాయి. మొదటి ట్రాన్స్‌ఫర్ నిలవకపోవడం అపశకునమూ కాదు, అరుదూ కాదు. ఐవీఎఫ్ ఫలితాన్ని ఒక ట్రాన్స్‌ఫర్‌తో కాక, ఒకసారి తీసిన అండాల నుంచి వచ్చిన పిండాలన్నీ వాడాక చూడటమే సరైన లెక్క. ఈ లోగా ఆసుపత్రిలో మీరు సంతకం పెట్టిన సమ్మతి పత్రం ఒకసారి తీసి చదవండి. నిల్వకు ఏటా ఎంత కట్టాలో, దంపతుల్లో ఒకరికి ఏమైనా జరిగితే పిండాలను ఏం చేస్తారో అందులో ఉంటుంది. చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, 35 ఏళ్లు. రెండోసారి కూడా ఐవీఎఫ్ పోయింది. ఫోనులో ‘అంతా మన మంచికేనమ్మా, మోపిదేవిలో మొక్కుకున్నాను, ఈసారి తప్పక అవుతుంది’ అన్నాను. ఫోన్ పెట్టేసింది. పది రోజులుగా మాట్లాడటం లేదు. నేను ఏం తప్పు మాట్లాడాను? ఇక్కడ పేరంటాల్లో ‘మీ అమ్మాయికి విశేషం ఏమైనా ఉందా’ అని అడిగేవారికి ఏం చెప్పాలి?
— ఒక తల్లి, మచిలీపట్నం

జవాబు: మీరు ప్రేమతోనే అన్నారు, ఆమెకు అది వేరుగా వినపడింది. తాను పోగొట్టుకున్నది ఎవరి మంచికో ఆమెకు అర్థం కాలేదు, ‘ఈసారి’ అనగానే ఇంకా ఏడుస్తుండగానే మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టినట్టయింది. మొక్కు తప్పు కాదు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీ ఆలయంలో సంతానం లేనివారికి గరుడ ప్రసాదం ఇస్తారనగానే ఆ దారంతా వాహనాలతో స్తంభించిపోయింది. ఆ వరుసల్లో నిలబడిన వారిలో ఎంతమంది సంచుల్లో ఆసుపత్రి ఫైళ్లు కూడా ఉండి ఉంటాయో! మీ మొక్కు మీకూ దేవుడికీ మధ్య ఉంచుకోండి, ఆమె మీద దాని బరువు పడనివ్వకండి. మళ్లీ ప్రయత్నిస్తారా, ఆపేస్తారా, పెంచుకుంటారా అన్నది మీరు అడగవద్దు. ఆ సంభాషణ వాళ్లిద్దరిదీ.

పేరంటాల్లో అడిగేవారికి ‘ఉంటే నేనే చెబుతానుగా’ అని నవ్వి కుంకుమ పళ్లెం ముందుకు జరపండి. రెండోసారి అడిగితే ‘ఆ మాట అడగవద్దని అమ్మాయి చెప్పింది’ అనండి. మీరు అక్కడ ఆపిన ప్రశ్న సముద్రాలు దాటి వాట్సాప్‌లో ఆమెను చేరదు.

ఈ ఆదివారం వాళ్లకు తెల్లవారే వేళకు ఒక చిన్న సందేశం పెట్టండి: ‘ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. నువ్వు మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడు, నేను ఏమీ అడగను.’ ఆమె ఫోన్ చేస్తే, ఆ మాట మీద నిలబడండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఊరుకోమనవద్దు. ఏమీ మాట్లాడకపోతే, మీరు గోంగూర వలుస్తూనో, గుమ్మం ముందు ఎండలో కూర్చునో, లైన్లోనే ఉండండి.